యురేకా: ఐఫోన్ యాప్‌లో ఫారం స్క్రీన్ ఈజీగా కట్టేద్దాం

ఐఫోన్‌లో సెట్టింగ్స్ ఓపెన్ చేసి చూడండి. ఒకదాని కింద ఒకటి వరుసలు. కొన్నింటికి స్విచ్, కొన్నింటికి బాణం గుర్తు. డెవలపర్లు దీన్ని టేబుల్ వ్యూ అంటారు. రిజిస్ట్రేషన్, ప్రొఫైల్, ఆర్డర్ లాంటి ఫారం స్క్రీన్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. చూడ్డానికి సింపుల్‌గానే ఉంటుంది కానీ, సొంతంగా కోడ్ రాస్తే రెండు చోట్ల తలనొప్పి వస్తుంది. ఆ తలనొప్పిని తగ్గించే ఓపెన్ సోర్స్ లైబ్రరీయే యురేకా.

అసలు సమస్య ఏంటి?

మెమరీ ఆదా కోసం టేబుల్ వ్యూ సెల్స్‌ను మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. పైకి జరిగి కనిపించకుండా పోయిన సెల్‌నే తీసుకొచ్చి కింద కొత్త వరుసకు పెడుతుంది. యూజర్ టైప్ చేసింది మీరు వేరే చోట దాచకపోతే, స్క్రోల్ చేయగానే మోడల్ పేరు వెళ్లి ధర దగ్గర కనిపించొచ్చు.

రెండోది వరుస నంబర్ల గోల. "మూడో వరుస అంటే ధర" అని కోడ్‌లో రాసుకున్నారనుకోండి. మధ్యలో ఇంకో వరుస చేరితే ధర నాలుగోది అవుతుంది. కోడ్ మాత్రం ఇంకా మూడో వరుసనే చదువుతుంది. యాప్ క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. ఇక్కడ క్రాష్ కాకుండానే తప్పు డేటా సేవ్ అయిపోవచ్చు. అదీ అసలు ప్రమాదం.

యురేకా ఏం చేస్తుంది?

ఉరుగ్వేకు చెందిన ఎక్స్‌మార్ట్‌ల్యాబ్స్ దీన్ని స్విఫ్ట్‌లో రాసి 2015లో విడుదల చేసింది. అంతకుముందు ఆబ్జెక్టివ్-సి కోసం ఇదే సంస్థ ఎక్స్‌ఎల్‌ఫారం చేసింది. లైసెన్స్ ఎంఐటీ కాబట్టి కమర్షియల్ యాప్‌లోనూ వాడుకోవచ్చు.

ఇందులో మూడే మెట్లు: ఫారం, దానిలో సెక్షన్లు, సెక్షన్‌లో రోలు. మూడు ప్లస్ గుర్తులు (+++) పెడితే సెక్షన్ చేరుతుంది, ఎడమవైపు చూసే మూడు బాణాలు పెడితే రో చేరుతుంది. ప్రతి రోకీ ట్యాగ్ అనే పేరు ఇస్తాం. విలువ ఉండేది సెల్‌లో కాదు, రోలో. దాన్ని అడిగేది నంబర్‌తో కాదు, ట్యాగ్‌తో. పై రెండు సమస్యలూ ఇక్కడే తీరిపోతాయి.

ఒక ఉదాహరణ

పాత ఫోన్ అమ్మే ఫారం చేద్దాం.

1. మ్యాక్‌లో ఎక్స్‌కోడ్ ప్రాజెక్ట్ తెరిచి, స్విఫ్ట్ ప్యాకేజ్ మేనేజర్‌తో యురేకాను కలపండి. మీ స్క్రీన్ క్లాస్‌ను ఫారంవ్యూకంట్రోలర్ నుంచి తీసుకోండి.

2. మోడల్ పేరుకు టెక్స్ట్‌రో, ధరకు ఇంట్‌రో, "బిల్లు ఉందా?" అనేదానికి స్విచ్‌రో, బిల్లు తేదీకి డేట్‌రో పెట్టండి.

3. తేదీ రోకి హిడెన్ షరతు ఇవ్వండి: బిల్లు స్విచ్ ఆఫ్‌లో ఉంటే దాచెయ్. స్విచ్ మార్చగానే ఆ వరుస దానంతట అదే వస్తుంది, పోతుంది.

4. ఐఎంఈఐ 15 అంకెలు. దీనికి ఇంట్‌రో వద్దు, టెక్స్ట్‌రో వాడండి. సంఖ్యగా తీసుకుంటే మొదట్లో ఉన్న 0 పోతుంది. దీనికి రిక్వైర్డ్, ఎగ్జాక్ట్‌లెంత్ రూల్స్ రెండూ కలపండి.

5. సేవ్ బటన్ నొక్కినప్పుడు ముందు వ్యాలిడేట్ పిలవండి. తప్పుల జాబితా ఖాళీగా ఉంటేనే వ్యాల్యూస్ తీసుకోండి. తప్పులుంటే యురేకా చెబుతుంది, అంతే. సేవ్‌ను ఆపాల్సింది మీరే.

ఇవి మర్చిపోవద్దు

ట్యాగ్ లేని రో విలువ వ్యాల్యూస్‌లో రాదు. దాచిన రో విలువ కూడా మామూలుగా రాదు, కావాలంటే విడిగా అడగాలి. ఒకే ట్యాగ్ రెండు రోలకు ఇవ్వకూడదు. సెల్‌సెటప్ ఒక్కసారే నడుస్తుంది, సెల్‌అప్‌డేట్ మాత్రం వరుస స్క్రీన్ మీదకు వచ్చిన ప్రతిసారీ నడుస్తుంది. అందుకే తప్పు ఉన్నప్పుడు ఎర్ర రంగు వేసే కోడ్ సెల్‌అప్‌డేట్‌లో పెట్టాలి.

ఎక్కడ వాడకూడదు?

యురేకా ప్రతి రోకీ సొంత సెల్ ఇస్తుంది, వేరే రోతో పంచుకోనివ్వదు. ఇరవై, ముప్పై వరుసల ఫారానికి ఇది సమస్యే కాదు. కానీ వెయ్యి కాంటాక్ట్‌ల లిస్ట్‌కి వాడితే మెమరీ భారం పెరుగుతుంది. అలాంటి చోట మామూలు టేబుల్ వ్యూనే బెస్ట్.

ఇంకో మాట. 2019లో యాపిల్ తెచ్చిన స్విఫ్ట్‌యూఐలో ఫారం సొంతంగానే ఉంది. కొత్త యాప్ మొత్తం స్విఫ్ట్‌యూఐలో చేస్తుంటే ముందు దాన్నే చూడండి. యూఐకిట్‌లో నడుస్తున్న యాప్ మీ చేతికొస్తే యురేకా బాగా పనికొస్తుంది.

ప్రాక్టీస్ కోసం: ఇదే ఫారంలో "ఛార్జర్ ఉందా?" అనే స్విచ్‌ను మధ్యలో పెట్టి చూడండి. సేవ్ కోడ్‌లో ఒక్క లైన్ కూడా మార్చకుండా పాత విలువలన్నీ సరిగ్గా వస్తే, ట్యాగ్‌లు మీకు అర్థమైనట్టే.