ముందు కుర్చీ, తర్వాతే కుండీ

రాజమహేంద్రవరం,
ఏప్రిల్ మొదటి వారం.

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. వంటింటి వెనకాల ఆ ఖాళీ బాగుంది. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు అంటే హైదరాబాదులో ఈ రోజుల్లో చిన్న విషయం కాదు. దాన్ని గచ్చు చేయించి, మొక్కలు పెట్టి, సాయంత్రాలు కూర్చునేలా చేసుకుంటానన్నావు. శుభం. కానీ ఫొటోల వెనకే మొక్కల జాబితా కూడా పంపావు చూడు, నలభై రకాలు! లారీ మాట్లాడమంటావా అని మీ పెదనాన్న ఒకటే నవ్వు. ఆ జాబితా కొన్నాళ్ళు పక్కన పెట్టు. ముందు రెండు కుర్చీలు తీసుకెళ్ళి ఆ నేల మీద వెయ్యి.

మాటవరసకి కాదు, నిజంగానే వెయ్యమంటున్నాను. పొద్దున కాఫీ వేళ ఒక మూల, సాయంత్రం ఆరింటికి ఇంకో మూల కూర్చుని చూడు. ఎదురుగా ఏం కనిపిస్తోంది, పక్కింటివాళ్ళ కిటికీ ఎటుంది, గాలి ఎటునుంచి వస్తోంది, ఇవన్నీ నిలబడి చూస్తే తెలియవు. చాలామంది కుండీలన్నీ సర్దేశాక కుర్చీకి చోటు వెతుక్కుంటారు. చివరికి గడప మీద కూర్చుని తోటని చూసుకుంటారు. నలుగురు కూర్చుని టీ తాగాలంటే, మధ్యలో చిన్న బల్లా, కుర్చీ వెనక్కి జరుపుకునే వీలూ కలిపి 10 అడుగులకి 8 అడుగులు కావాలి. వేసవి రాత్రుళ్ళు నవారు మంచం వాల్చుకోవడానికీ అదే చోటు. వంటింటి తలుపు నుంచి పంపు దాకా 3 అడుగుల దారి వదలాలి. పనమ్మాయి గిన్నెలు తోమే చోటు, బట్టల తీగ, ఖాళీ సిలిండరు పత్రికల్లో వేసే తోటల ఫొటోల్లో ఎక్కడా కనిపించవు. మన ఇళ్ళలో మాత్రం తప్పవు. అవన్నీ పంపు ఉన్న తూర్పు మూలకి చేర్చి నడుమెత్తు తడిక అడ్డం కట్టించు. ఇవన్నీ పోగా మిగిలిందే మొక్కల చోటు. గోడల వెంబడి బోలెడంత మిగులుతుంది, బెంగపడకు.

ఇక ఎండ సంగతి. నర్సరీలో ఎవరూ అడగరు గానీ సగం తోట దీని మీదే ఆధారపడి ఉంటుంది. మీది ఉత్తరం వాకిలి, కాబట్టి గచ్చు ఇంటికి దక్షిణాన పడింది. ఆ పక్కవాళ్ళ మేడ ఎత్తు 20 అడుగులన్నావు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి బాగా ఒరిగి ఉంటాడు. అప్పుడు హైదరాబాదులో 20 అడుగుల గోడ నీడ 17 అడుగులు పడుతుంది. మధ్యలో సందు 4 అడుగులు, మీ గచ్చు 12. అంటే చలికాలం మధ్యాహ్నాలు చోటంతా నీడే. మే నెలకి వరస మారిపోతుంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి మీ ఊళ్ళో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే కనబడదు. ఆ రెండు తేదీల మధ్య కాస్త ఉత్తరానికే జరిగి ఉంటాడు కాబట్టి ఆ మేడ ఉన్నా నీకు ఒరిగేదేమీ లేదు. సాయంత్రం నాలుగు దాటాక మాత్రం మీ రెండంతస్తుల ఇల్లే తన గోడ వెంబడి నాలుగడుగులకి పైగా నీడ పరుస్తుంది. కుర్చీలు అటువైపే ఉండాలి.

దీన్నిబట్టి నీ జాబితాలో సగం కొట్టెయ్యచ్చు. చామంతి, బంతి చలికాలం పూతకి ఎండ అడుగుతాయి, వాటిని మీ మేడ మీదకి పంపు. కింద పెడితే పుయ్యవు. ఎందుకు పుయ్యట్లేదా అని ఎరువు మీద ఎరువు వేసుకుంటూ పోతావు. మల్లె వ్యవహారం వేరు. దానికి ఎండాకాలమే పండగ, నీ గచ్చు మీద అప్పుడే నిండా ఎండ. గుండుమల్లె రెండు పెట్టు చాలు. చలికాలంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కొన్నాళ్ళు నీళ్ళు తగ్గించి, ఆ తర్వాత ఎరువు వేసి నీళ్ళు కట్టావంటే మార్చి నుంచి మొగ్గ తొడుగుతుంది.

గచ్చుకి కడప బండ వేద్దామని మేస్త్రి అంటున్నాడన్నావు. నల్లగా నిగనిగలాడుతుంది, వంటగట్టుకి దాన్ని మించింది లేదు. మే నెలలో దాని మీద వట్టికాళ్ళతో అడుగు వెయ్యమను చూద్దాం! తాండూరు రాయి వేయించు, లేత బూడిదరంగుది గానీ పసుపు ఛాయది గానీ, పాలిష్ పట్టకుండా గరుకుగా. నున్నటి రాయి మీద తడి పడితే మీ అత్తగారి మోకాళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇంకో మాట. పని పూర్తయ్యాక సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ కొట్టి కడిగే అలవాటు ఉంది. తాండూరు రాయి సున్నపురాయి జాతి. యాసిడ్ పడగానే బుసబుసా పొంగి పైపొరని తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిపించు. యాసిడ్ సీసాని గుమ్మం దాటి రానివ్వకు.

రాయి పరిచే రోజున నువ్వో అల్లుడుగారో దగ్గరుండాలి. వాటం ఇంటి దగ్గర్నుంచి బయటికి, 10 అడుగులకి అంగుళమున్నర చొప్పున ఉండాలి. రసమట్టం చూపించి సరిగ్గానే ఉందంటే తలూపకు. సిమెంటు గట్టిపడ్డాక, కూలి లెక్క తేల్చకముందు, ఇంటి గోడ దగ్గర ఓ బకెట్టు నీళ్ళు పొయ్యి. ఎక్కడా నిలవకుండా జాలీలోకి పోతే డబ్బులిచ్చెయ్యి. గడప కంటే గచ్చు అరడుగు దిగువన ఉండాలి. 2020 అక్టోబరు వానలు మీ ఊళ్ళో ఏం చేశాయో గుర్తుందిగా.

పడమటి గోడ మూల 2 అడుగుల చదరం రాయి పరవకుండా మట్టిగానే వదిలించు. అందులో రాధామనోహరం నాటి ఇనప చట్రం మీదకి ఎక్కించు. కుండీలో దానికి కాళ్ళు చాపుకునే చోటుండదు. నేలలో పెడితే మాత్రం రెండేళ్ళలో గోడ కనబడనివ్వదు. సాయంత్రం విచ్చినప్పుడు తెల్లగా ఉంటుంది, మర్నాటికి గులాబీరంగు, ఆపైన ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ వేలాడుతుంటాయి, రాత్రికి వాసన. నువ్వు కాగితంపూలు రాశావు. నీళ్ళు తక్కువ పోస్తే బాగా పూస్తుంది, అందమైనదే. కానీ ముళ్ళు. బాబు ఇప్పుడిప్పుడే పరుగులు నేర్చాడు. గన్నేరు కూడా కొట్టెయ్యి, అది వేరు నుంచి పువ్వు దాకా విషం. డిఫెన్‌బాకియా ఆకు నమిలితే నాలుక వాచిపోతుంది. వాడు కాస్త పెద్దయ్యాక చూద్దువుగాని.

కుండీలు నలభై చిన్నవి వద్దు, పది పెద్దవి కొను. 18 అంగుళాలవైతే ఒక పూట నీళ్ళు మర్చిపోయినా మొక్క తట్టుకుంటుంది. మట్టివైనా సిమెంటువైనా అన్నీ ఒకే రకం తీసుకో, నీలం డ్రమ్ములూ పెయింటు డబ్బాలూ వాటి పక్కన చేర్చకు. వరసగా గోడకి కాపలా పెట్టినట్టు కాకుండా, నైరుతి మూల మూడు, వంటింటి కిటికీ ఎదురుగా రెండు, అలా గుంపులుగా పెట్టు. పొడుగువి వెనక, పొట్టివి ముందు. రోజులో ఎక్కువసేపు ఆ గచ్చుని నువ్వు చూసేది వంటింటి కిటికీలోంచే, అందుకని ఆ రెండు కుండీలూ మంచివి పెట్టు: ఒక నందివర్ధనం, ఒక కరివేపాకు. వాటి కింద మరువం. అరెకా పామ్, ఫెర్నులు మెట్ల కింద స్లాబు నీడలో ఉంచు, మే ఎండకి బయట పెడితే మాడిపోతాయి.

మొక్కలు కడియం నుంచే తెప్పించుకుందాం. కడియపులంకలో రోడ్డు వెంబడి నర్సరీలే కదా. కానీ అవి వచ్చినప్పుడు ఒక్క జాగ్రత్త. కవరు కోసి చూడు. వేళ్ళ చుట్టూ జిగురుమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో ఎండి రాయిలా గట్టిపడుతుంది. దాన్ని అలాగే కుండీలో దించావనుకో, నువ్వు పోసే నీళ్ళు చుట్టూ ఉన్న గుల్లమట్టిలోంచి జారి కిందికి పోతాయి, ముద్ద లోపల వేళ్ళు మాత్రం దాహంతో ఉంటాయి. పైనంతా తడిగానే ఉంటుంది కాబట్టి మొక్క ఎందుకు వాడుతోందో అర్థం కాదు. బకెట్టులో బుడగలు ఆగేదాకా ముద్దని నాననిచ్చి, అంచుల్లో మట్టిని వేళ్ళతో మెల్లగా విడదీసి అప్పుడు నాటు. కుండీలోకి ఎర్రమట్టి రెండు పాళ్ళు, కోకోపీట్ ఒకటి, చివికిన పశువుల ఎరువు ఒకటి, గుప్పెడు వేపపిండి. నల్లరేగడి వద్దే వద్దు, ఎండితే బీటలు.

ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్ళు దండగని కుండీల్లో పొయ్యకు. బోరు నీళ్ళలోని ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. ఆ నీళ్ళతో గచ్చు కడుక్కో. కుండీల కింద పళ్ళాల్లో నీళ్ళు వారానికోసారైనా పారబోయాలి, డెంగీ దోమకి ఆ కాసిని నీళ్ళే చాలు. దీపాలు రెండు చాలు, పసుపు వెలుతురువి, కంట్లో కొట్టకుండా కింద పెట్టు.

మొక్కలు మాత్రం జూన్‌లో తొలకరి పడ్డాకే. ఇప్పుడు ఎవరెంత ఊరించినా కొనకు. ఈలోగా పంపు, కిటికీలు, జాలీ గుర్తుపెట్టి కొలతలతో ఒక కాగితం మీద గీసి పంపు. ఏవి ఎన్ని కావాలో దాన్నిబట్టి రాసుకుని, కడియపులంక వెళ్ళి నేనే ఏరి పెడతాను. మీ అత్తగారికి నా నమస్కారాలు, బాబుకి ముద్దులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ