ఉల్లికోడు: గొట్టం కనిపించే సరికి

రాజవొమ్మంగి ప్రాంతపు పల్లపు పొలాల్లో వానాకాలం వరి చాలామటుకు వాననూ, చిన్న చెరువులనూ నమ్ముకొని సాగేది గనుక, తొలకరి వెనకబడిన ఏట నాట్లు ఆగస్టులోకి జారతాయి. లేత పిలకలు వచ్చే అదనుకు ముసురు పట్టి, ఆకులు రోజంతా తడిగా ఉంటే ఉల్లికోడుకు అంతకన్నా అనువైన కాలం లేదు. దోమలా కనిపించే ఈ ఈగ ఆకులపై గుడ్లు పెట్టగా, మూడు నాలుగు రోజులలో పొదిగిన పిల్లపురుగు ఆ తడి పొర మీదుగా పాకి, ఆకు తొడుగుల సందున దిగి, పిలక మొదట్లోని మొవ్వును చేరుతుంది.

కాండం తొలిచే పురుగు మొక్కను కొరికి చంపుతుంది. ఉల్లికోడు పురుగు మాత్రం మొక్క చేతనే తన ఇల్లు కట్టించుకొంటుంది. దాని లాలాజలంలోని కొన్ని మాంసకృత్తులు, అనగా ప్రోటీన్లు, మొవ్వు కణాలలోకి చేరి వాటి పెరుగుదలను దారి మళ్లించడం వల్ల, వెన్నుగా మారవలసిన పిలక ఉల్లికాడ వంటి వెండిరంగు గొట్టంగా సాగుతుంది. ఇదే కుటుంబానికి చెందిన గోధుమ ఈగ, హెస్సియన్ ఫ్లై, స్రవించే ప్రోటీన్లలో కొన్ని మొక్క సొంత ప్రోటీన్లను పోలి ఉంటాయని 2015లో తేలింది. మొక్క కణంలో ఏ ప్రోటీన్‌ను ఉంచాలో, దేనిని విరిచివేయాలో నిర్ణయించే యంత్రాంగంలోకే అవి మారువేషంలో చొరబడతాయి.

తట్టుకొనే వరి రకాలలోని నిరోధక జన్యువు పురుగు రాకను దాని స్రావాల జాడను బట్టి గుర్తుపడుతుందనీ, కొన్ని రకాలలో పురుగు చేరిన చోటి కణాలు తామే చచ్చి దానికి ఆహారం లేకుండా చేస్తాయనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. అయితే ఆ జాడ మారిన పురుగు తెగ పుడితే కాపలా పనికిరాదు. జీఎం2 జన్యువున్న ఫల్గుణ రకం 1980 దశకంలో ఉత్తర కోస్తా జిల్లాల్లో లొంగిపోవడానికి అక్కడ తలెత్తిన నాలుగో జీవతెగే కారణం. అందువల్ల ఒకచోట తట్టుకొన్న విత్తనం అన్నిచోట్లా తట్టుకొంటుందని నమ్మడం పొరపాటు. చింతపల్లి పరిశోధన స్థానంలో విచారించి, తమ ప్రాంతంలో నిలిచిన రకాన్నే ఎంచుకోవాలి. సాంబ మసూరి ఈ పురుగుకు లొంగుతుంది గనుక, ఆలస్యపు నాట్లకు దానిని ఎంచుకోకపోవడమే మేలు.

గొట్టం కంటికి కనిపించే సరికి ఆ పిలక చేజారినట్లే, దానికి వెన్ను రాదు. అటుపై వేసే మందు దానిని వెనక్కి తేలేదు. కాబట్టి పని అంతా ముందే జరగాలి. పక్కపక్క మడుల వారు కూడబలుక్కొని ఒకే వారంలో నాట్లు ముగించడం, గట్లపై గడ్డినీ, నిరుటి మోళ్ల నుంచి లేచిన వరినీ తీసివేయడం, యూరియాను ఒకేసారి గుమ్మరించక దఫాలుగా వేయడం మందు కన్నా ముందు చేయవలసినవి. పాత కరపత్రాలలో ఇప్పటికీ కనిపించే ఫోరేట్ గుళికలు 2020 చివరి నుంచి నిషిద్ధం.

నాటిన మూడో వారం నుంచి మడిలో అక్కడక్కడ దుబ్బులు విడదీసి, గొట్టాలను గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీరంగు పురుగుగానీ ప్యూపాగానీ ఉంటే తరువాతి తరం ఈగలు రానున్నాయని అర్థం. కొసన రంధ్రం, దానికి వేలాడే ఖాళీ పొర కనిపిస్తే ఈగ అప్పటికే ఎగిరిపోయింది. పురుగు చర్మం నిండా గసగసాల వంటి సన్నని ప్యూపాలు కిక్కిరిసి ఉంటే మాత్రం అవి ప్లాటీగాస్టర్ అనే మేలుచేసే కందిరీగ పిల్లలు. అటువంటి గొట్టాలు ఎక్కువగా ఉన్న మడిలో మందు జోలికి పోరాదు.