ఓఎస్ మార్చాక వైఫై రావట్లేదా? ముందు దుబాసీని వెతకండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. అంతకంటే పాత లాప్‌టాప్‌లు మా పాతబస్తీలో, లాల్‌దర్వాజా, గౌలిపురా గల్లీల్లో చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిలో లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ వేసుకుంటే ఇంకొన్నేళ్లు హాయిగా నడుస్తాయి. కానీ వేసిన రోజే చాలామంది ఒకే చోట ఆగిపోతారు. వైఫై పేర్ల లిస్టే కనిపించదు. "లైనక్స్‌లో నెట్ రాదంట" అనుకుని లాప్‌టాప్‌ని అటక ఎక్కిస్తారు.

ఈ ఒక్క సమస్యనే ఇవాళ వరసగా చూద్దాం. విండోస్ మళ్లీ వేసుకున్నవాళ్లకి కూడా ఇదే వరస పనికొస్తుంది.

అసలు ఏం జరుగుతుంది?

ఊరి నుంచి వచ్చిన మా నానమ్మకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. లాడ్‌బజార్‌లో గాజులు కొనాలంటే పక్కింటి ఖాలా వెంట ఉండాల్సిందే. ఇటు తెలుగు, అటు ఉర్దూ, మధ్యలో ఖాలా. ఇలాంటి మనిషినే మనవాళ్లు దుబాసీ అన్నారు, అంటే రెండు భాషలు తెలిసినవాడు. కంప్యూటర్‌లో డ్రైవర్ చేసే పని అదే. ఓఎస్‌కి వైఫై చిప్ భాష రాదు, చిప్‌కి ఓఎస్ భాష రాదు. ఓఎస్ తీసేసి కొత్తది వేసినప్పుడు పాత దుబాసీ కూడా పోతాడు. చిప్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇంకోటి ఉంది, ఫర్మ్‌వేర్. చాలా వైఫై చిప్‌లు తమ లోపల నడిచే చిన్న ప్రోగ్రాంని శాశ్వతంగా దాచుకోవు. కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ డ్రైవర్ ఆ ఫైల్‌ని డిస్క్ నుంచి తీసి చిప్‌లోకి ఎక్కించాలి. డ్రైవర్ ఉండి ఈ ఫైల్ లేకపోయినా వైఫై రాదు.

మరి అన్నీ ముందే పెట్టి ఇవ్వొచ్చుగా? ఇక్కడ టెక్నాలజీ కంటే లైసెన్స్ గొడవే ఎక్కువ. కొన్ని కంపెనీలు చాలా ఏళ్లు తమ డ్రైవర్ల సోర్స్ కోడ్ బయటపెట్టలేదు. బ్రాడ్‌కామ్ చిప్‌ల కోసం లైనక్స్ డెవలపర్లు రివర్స్ ఇంజినీరింగ్ చేసి సొంతంగా డ్రైవర్ రాసుకున్నారు. 2010లో ఆ కంపెనీయే కొన్ని చిప్‌లకి ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది. డెబియన్ వాళ్లయితే స్వేచ్ఛా లైసెన్స్ లేని ఫర్మ్‌వేర్‌ని తమ అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేవాళ్లు కాదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని నిర్ణయం మార్చుకున్నారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. అందుకే, కుదిరితే కొత్త వెర్షన్ వేసుకోండి. సగం తలనొప్పి అక్కడే పోతుంది.

మొదటి మెట్టు: నెట్ అప్పు తీసుకోండి

డ్రైవర్ దించాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పేది మన జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే. యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కంప్యూటర్ దాన్ని వైర్డ్ కనెక్షన్ లాగా చూస్తుంది కాబట్టి వైఫై డ్రైవర్‌తో పని లేదు. ఫోన్ అప్పటికే ఇంటి వైఫైలో ఉంటే ఆ నెట్‌నే పంచుతుంది, డేటా ప్యాక్ కరిగిపోదు. కేబుల్ మాత్రం డేటా వెళ్లేది అయ్యుండాలి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఎంతసేపు కూర్చున్నా రాదు.

రెండో మెట్టు: చిప్ కనిపిస్తోందా?

లైనక్స్‌లో టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, పీ, సీ, ఐ అనే ఐదు చిన్న అక్షరాలు కలిపి కొట్టండి. తర్వాత ఒక స్పేస్, ఒక అడ్డగీత, రెండు ఎన్‌లు. వచ్చిన లిస్టులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరస చివర బ్రాకెట్లో చిప్ నంబర్ ఉంటుంది. 8086తో మొదలైతే ఇంటెల్ (మైక్రోప్రాసెసర్స్ సబ్జెక్ట్‌లో చదివే 8086 గుర్తొచ్చిందా? ఆ నంబరే). విండోస్‌లో డివైస్ మేనేజర్ చూడండి. పసుపు గుర్తు ఉన్న దాని ప్రాపర్టీస్‌లో, డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీస్‌లో ఇదే నంబర్ దొరుకుతుంది. నంబర్ కనిపించిందంటే చిప్‌ని మదర్‌బోర్డ్ గుర్తుపట్టినట్టే. కార్డ్ పోయిందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి.

మూడో మెట్టు: స్విచ్ ఆఫ్‌లో ఉందా?

వైఫై గుర్తు ఉండి ఆన్ కావట్లేదంటే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండ్ ఇవ్వండి. సాఫ్ట్ బ్లాక్ అని వస్తే ఓఎస్ ఆపినట్టు, ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేస్తే చాలు. హార్డ్ బ్లాక్ అంటే బయట స్విచ్ ఆపినట్టు. పాత లాప్‌టాప్‌లలో పక్కన గానీ ముందు అంచున గానీ చిన్న జరిపే స్విచ్ ఉంటుంది, తడిమి చూడండి.

నాలుగో మెట్టు: దుబాసీని పిలవండి

టెథరింగ్ ఉండగానే మింట్‌లో డ్రైవర్ మేనేజర్, ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరవండి. చిప్‌కి సరిపడే డ్రైవర్ ఉంటే అదే చూపిస్తుంది. విండోస్‌లో అయితే ఆప్షనల్ అప్‌డేట్స్, లేదంటే మీ మోడల్ నంబర్‌తో లాప్‌టాప్ కంపెనీ సైట్.

ఇక్కడ సెక్యూర్ బూట్ ఉన్నవాళ్లు జాగ్రత్త. బయటి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది. కంగారుపడి కంటిన్యూ నొక్కొద్దు. ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. లేకపోతే డ్రైవర్ డిస్క్‌లోనే ఉంటుంది, లోడ్ మాత్రం కాదు.

ఐదో మెట్టు: డ్రైవర్ ఉన్నా నెట్ లేదా?

ఫోన్‌కి కనిపించే వైఫై పేరు లాప్‌టాప్‌కి కనిపించకపోతే అది 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ కావచ్చు. చాలా పాత చిప్‌లు 2.4 మాత్రమే అందుకుంటాయి. మా వైపు పాత ఇళ్ల మందపాటి గోడలకి కూడా 2.4 మేలు, 5 తొందరగా బలహీనపడుతుంది. కనెక్ట్ అయినా సైట్లు తెరుచుకోకపోతే తేదీ చూడండి. మదర్‌బోర్డ్ మీది చిన్న బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్లు వెనక్కి పోతుంది, బ్రౌజర్ సర్టిఫికెట్లని నమ్మదు.

ఇదంతా ఎవరికోసం?

మా కింది వాటాలో అక్క ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. వాళ్లమ్మాయి డిగ్రీ కోసం దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి, చేతిలో రెండ్రోజులే ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్‌లో మింట్ వేశాక వైఫై పోయింది. ఒక షాపులో "కార్డ్ పోయింది, మార్చాలి" అన్నారు. పైన చెప్పిన వరసలోనే చూశాం. రెండో మెట్టులోనే చిప్ నంబర్ కనిపించింది. టెథరింగ్ పెట్టి డ్రైవర్ మేనేజర్‌లో టిక్ పెట్టడం, నీలం స్క్రీన్ దాటడం, అరగంటలో అయిపోయింది. పెద్ద స్క్రీన్ మీద కాలేజీల లిస్టు పక్కపక్కన పెట్టుకుని, ఏ కాలేజీకి ఏ బస్సు వెళ్తుందో అమ్మని అడుగుతూ ఆ అమ్మాయి తన ఆప్షన్లు తనే పెట్టుకుంది. కార్డ్ ఖర్చు అక్కకి మిగిలింది.

కార్డ్ నిజంగానే పోయే కేసులూ ఉంటాయి. ఏ మెట్టులోనూ నంబర్ రాకపోతే కోఠీ గుజరాతీ గల్లీ వైపు వెళ్లి యూఎస్‌బీ వైఫై అడాప్టర్ అడగొచ్చు. అందులో ఉన్న చిప్ లైనక్స్‌కి పడుతుందో లేదో కొనేముందే చూసుకోండి.

ఫార్మాట్ కొట్టేముందు మూడు పనులు చేస్తే ఈ వ్యాసం అవసరమే రాదు. చిప్ నంబర్ కాగితం మీద రాసుకోండి. డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. లైనక్స్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్ మోడ్‌లో నడిపి వైఫై వస్తుందో లేదో చూసుకోండి. మీ గల్లీలో అటకెక్కిన లాప్‌టాప్ ఏదైనా ఉంటే ఈ ఆదివారం కిందికి దించి చూడండి.