ఇంటి కంప్యూటరును చల్లబరచు వింత ఉపాయములు

వేసవి మధ్యాహ్నమున పెడనలో ఒక నేతగాని యింటికి పోయి చూడుడు. ఇసుకమీద నిలిపిన నీటికుండ యొకటి కనబడును. దాని యొడలు చెమ్మగా నుండును. లోని నీరు బయటి గాలికంటె చల్లగా నుండును. నేడు అట్టి యిండ్లలో కొన్నిట, ఆ కుండకు కొలది దూరముననే, పిల్లల చదువు కొరకు కొన్న కంప్యూటరు కూడ నున్నది. కుండ చల్లబడుచుండగా ఈ యంత్రము వేడెక్కుచుండును. కుండను చల్లబరచు ఉపాయమే యంత్రమునకును ఏల పనికిరాదని విద్యార్థులు అడుగుట సహజము. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమే ఈ పాఠము.

మొదట నే నెరిగిన యొక సంగతి చెప్పెదను. ఒక తండ్రి అప్పు చేసి కుమారునికి కంప్యూటరు కొని యిచ్చెను. మే నెలలో అది మాటిమాటికి ఆగిపోవుచుండెను. బాలుడు మంచుగడ్డలను గట్టి సంచిలో మూటగట్టి, యంత్రపు పెట్టెలోపల నుంచెను. కొంతసేపు అది చక్కగా నడిచెను. పిమ్మట ఆగిపోయి మరల లేవలేదు. సంచి చిరుగలేదు, దానినుండి ఒక్క చుక్కయు కారలేదు. అయినను లోపలి పలకమీద నీటిబిందువులు నిలిచి యుండెను. ఆ నీరు ఎచ్చటనుండి వచ్చెను? ఈ ప్రశ్నను మనస్సునం దుంచుకొని ముందుకు సాగుదము.

కంప్యూటరు పుచ్చుకొను విద్యుచ్ఛక్తి యంతయు ఇంచుమించుగా వేడిమిగా మారును. 1946 లో అమెరికాలో లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ అను యంత్రమున సుమారు 18,000 శూన్యనాళికలు వెలుగుచుండెను; దానికి సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తు కావలసి వచ్చెను; ఆ వేడిమిని వెడలగొట్టుటకు గాలిమరలను అమర్చిరి. నేటి యింటి కంప్యూటరు గట్టిగా పనిచేయునపుడు 100 వాట్లు పుచ్చుకొనుననుకొందము. అది పాతకాలపు విద్యుద్దీపమంతటి వేడిమియే. కాని అందులో అధికభాగము తపాలాబిళ్ళంత చిప్పునందు పుట్టును. చిప్పు వేడిమి 100 డిగ్రీలకు సమీపించినచో అది తన వేగమును తానే తగ్గించుకొనును; అదియు చాలనిచో యంత్రము ఆగిపోవును. కావున వేసవిలో కంప్యూటరు నత్తనడక నడచుట చాలమారులు రోగము గాదు, ఆత్మరక్షణము.

ఇచ్చట ఒక సూత్రమును జ్ఞాపకముంచుకొనుడు. వేడిమి నశింపదు, చోటు మాత్రమే మారును. దాని ప్రయాణమునకు మూడు మజిలీలు కలవు. చిప్పునుండి లోహపు రేకులకు పోవుట మొదటిది. రేకులనుండి గాలికి పోవుట రెండవది. ఆ వేడిగాలి గదిని విడిచి పోవుట మూడవది. ఏ వింత ఉపాయమునైనను ఈ మూడు మజిలీల వద్ద నిలిపి పరీక్షింపవలెను.

నీటి ఉపాయమును మొదట చూతము. చిప్పుపై లోహపు పెట్టె నమర్చి, గొట్టములలో నీటిని త్రిప్పుట నిజముగా వాడుకలో నున్న పద్ధతియే. కొందరు ఉత్సాహవంతులు గొట్టములను ఇంటి బకెట్టులోనికి కూడ దింపుదురు. లెక్క వేయుడు. 100 వాట్లు ఒక గంటలో 3,60,000 జౌళ్ల వేడిమి నిచ్చును. 20 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు సుమారు 84,000 జౌళ్లు కావలెను. అనగా నీరు గంటకు నాలుగు డిగ్రీలకు పైగా వేడెక్కును. సాయంకాలమునకు బకెట్టు స్వయముగా చల్లబరచబడవలసిన స్థితికి వచ్చును. నీరు వేడిమిని మోయు కూలివాడే గాని, మ్రింగివేయు భూతము గాదు.

నూనె ఉపాయము ఇంకను వింతగా తోచును. వీధిలో స్తంభముపై నుండు ట్రాన్స్‌ఫార్మరును చూచితిరి గదా! అందలి తీగచుట్టలు ఖనిజతైలములో మునిగి యుండును. ఆ తైలము విద్యుత్తును ప్రసరింపనీయదు, వేడిమిని మాత్రము పెట్టె గోడలకు చేర్చును. అట్లే 1985 లో వెలువడిన క్రే-2 అను మహాగణనయంత్రము విద్యుత్తును ప్రసరింపనీయని ద్రవములో మునిగియే పనిచేసెను. ఇంటియందు దీని ననుకరించినవారును కలరు. కాని తైలము తీగల వెంబడి పైకి ప్రాకును. గాలిరంధ్రము గల హార్డు డిస్కు అందు మునిగిన చెడును. వంటనూనె యైనచో కొన్నాళ్లకు కంపుకొట్టును. తొట్టిని చల్లబరచు మార్గము లేనిచో బకెట్టు కథయే మరల వచ్చును.

సముద్రమునే వాడుకొన్నవారును కలరు. 2018 లో మైక్రోసాఫ్టు సంస్థవారు స్కాట్లండునకు చేరువనున్న ఆర్క్నీ దీవులయొద్ద 864 సర్వర్లను ఉక్కు పీపాలో బిగించి సముద్రగర్భమున దింపిరి. 2020 లో పైకి తీసి చూడగా, చెడిపోయిన యంత్రముల పాలు భూమిమీది వానితో పోల్చిన ఎనిమిదవ వంతు మాత్రమే యుండెను. ఆ పద్ధతిని వారు తరువాత కొనసాగింపలేదు. అయినను మనకు గ్రహింపదగిన విషయ మొకటి కలదు. చల్లని నీరు యంత్రములను తాకకుండ గొట్టములలోనే పారెను. లోపల పొడి నత్రజనివాయువు నింపబడెను. చల్లదనముతో పాటు పొడితనమును వారు కాపాడిరి.

మన డెల్టాలో దుర్లభమైనది ఆ పొడితనమే. తడిగుడ్డ, వట్టివేళ్ల తడిక, నీటికుండ—ఇవన్నియు నీరు ఆవిరియగుటవలన చల్లబడును. గాలి 40 డిగ్రీల వేడిమితో, నూటికి 20 పాళ్ల తేమతో నున్నచోట తడిగుడ్డ సుమారు 23 డిగ్రీల వరకు దిగగలదు. గాలి 35 డిగ్రీలతో, 70 పాళ్ల తేమతో నున్నచోట అది 30 డిగ్రీల వద్దనే నిలిచిపోవును. సముద్రపుగాలి వీచు మన ప్రాంతమున రెండవ స్థితి తరచుగా కలుగును. లాభము స్వల్పము, యంత్రము చెంత తడి చేరుట మాత్రము నిశ్చయము.

ఇప్పుడు మంచుసంచి రహస్యము విడును. 35 డిగ్రీల వేడిమి, 70 పాళ్ల తేమ గల గాలి సుమారు 29 డిగ్రీలకు చల్లబడినంతనే అందలి ఆవిరి మంచుబిందువులుగా మారును. చల్లని నీరు పోసిన గ్లాసు చెమర్చుట మీ రెరుగుదురు. ఆ బాలుని యంత్రమున చెమర్చినది సంచియు, దానిచే చల్లబడిన పలకయు. నీరు సంచినుండి రాలేదు, గాలినుండి వచ్చెను. యంత్రమును ఫ్రిజ్జులో నుంచి తీసినను ఇదియే ప్రమాదము.

అయినచో చేయదగినదేమి? మన యూరిలో మగ్గముల దూది నూగు గాలిలో తేలుచుండును. అది రేకుల సందులలో చేరి రెండవ మజిలీని మూసివేయును. నెల కొకమారు విద్యుత్తు తీసివేసి, మెత్తని కుంచెతో నూగును తొలగింపుడు. అపుడు పంకాను వ్రేలితో కదలకుండ పట్టుకొనుడు. చిప్పునకును రేకులకును నడుమనుండు లేపము ఎండినచో, తెలిసినవానిచేత మార్పింపుడు. మొదటి మజిలీ బాగుపడును. పెట్టెను గోడకు జానెడు దూరమున నుంచి, వేడిగాలి పోవుటకు కిటికీ తెరువుడు, మూడవది బాగుపడును. ల్యాప్‌టాప్‌ను పరుపుమీద నుంచక, అరిగిపోయిన రెండు కలంకారీ అచ్చులపై నెత్తి యుంచుడు. క్రింద గాలి యాడును. భారమైన పనిని తెల్లవారుజామున చేసికొనుడు. వీనికి ఖర్చు అత్యల్పము.

విద్యార్థులారా! ప్రయోగశాలలో రెండు ఉష్ణమాపకముల నడిగి తీసికొని, ఒకదాని బుడ్డికి తడి దూదిని చుట్టి, రెండింటిని పంకా గాలిలో వ్రేలాడదీయుడు. పావుగంట పిమ్మట రెండు అంకెలను చూడుడు. వాని భేదమే ఆనాడు నీటికుండకు గల బలము. వారము దినములు ఆ భేదమును వ్రాసి పెట్టుకొనుడు. పిమ్మట ఎవరైన వింత ఉపాయము చెప్పినపుడు ఈ రెండు ప్రశ్నలు వేయుడు: వేడిమి ఎచ్చటికి పోవుచున్నది? తడి ఎచ్చట చేరుచున్నది? ఈ రెండింటికిని ప్రత్యుత్తరము దొరకకమునుపు, మీ తలిదండ్రులు కష్టించి కొన్న యంత్రముపై చేయి వేయకుడు.