నాలుగు లంగరులు
చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 27:9–44

ఆనందపురమునుండి భీమునిపట్టణపు తీరము ఎంతో దూరము కాదు. అందుచేత పౌలు ఓడప్రయాణము మనకు పరదేశపు కథవలె తోచదు. ఆ ఓడలో 276 మంది యుండిరి. శతాధిపతి పౌలు హెచ్చరికకంటె ఓడ యజమానుని మాటనే యెక్కువగా నమ్మెను. యజమానుడును తెలివిలేనివాడు కాడు. మంచిరేవులు చలికాలమునకు అనుకూలము కాదన్నది నిజమే.

ఆ పెనుగాలికి లూకా వాడిన గ్రీకు మాట తూఫోనికోస్. మనము వాడు సైక్లోన్ అను పేరును హెన్రీ పిడింగ్టన్ అను దొర గ్రీకునుండియే తీసెను; చుట్టచుట్టుకొనిన పాము అని దాని భావము. ఓడల దినచర్య పుస్తకములు చూచి తుపానుల నడక కనిపెట్టిన ఆయన మన కోరంగి రేవు సంగతియు వ్రాసెను. 1789 డిసెంబరులో మూడు అలలు ఒకదాని వెంట ఒకటి అచ్చట వచ్చెను. మొదటిది ఊరిలోనికి నీరు తెచ్చెను. మూడవది ఊరినే ముంచెను. 1839 నవంబరులో కోరంగి మరల పాడాయెను.

1864 నవంబరు 1వ తేది రాత్రి బందరుమీదికి ఉప్పెన వచ్చెను. సముద్రము కొన్నిచోట్ల 17 మైళ్లు లోపలికి చొచ్చెను. సుమారు 30,000 మంది చనిపోయిరి. రాబర్టు నోబులుగారి పాఠశాలయున్న ఊరు అది. ప్రార్థించువారును మునిగిరి. వారికి విశ్వాసము చాలలేదని యెవరైన చెప్పినయెడల మనము ఒప్పుకొనకూడదు. 24వ వచనములోని వాగ్దానము ఆ ఓడలోనివారికి ఇయ్యబడినది, సముద్రతీరమంతటికి కాదు.

వాగ్దానము పొందిన ఆ ఓడలో కూడ పనులు ఆగలేదు. లోతు చూడగా 20 బారలు, పిమ్మట 15 బారలు. వెనుకనుండి నాలుగు లంగరులు వేసిరి. మన తీరమునను అట్టి పని జరిగెను. భీమిలికి ఉత్తరమున సముద్రములోనున్న శాంతపల్లి రాళ్లను ఓడలకు తెలుపుటకు 1847లో దీపస్తంభము కట్టిరి. 1864లో కలకత్తాను, బందరును తుపానులు పాడుచేసిన పిమ్మటనే 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు మొదలాయెను. 1875లో వాతావరణ శాఖ ఏర్పడెను. ఇంతమంది పోయిన తరువాత గాని అది రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును కొట్టినప్పుడు హెచ్చరిక ముందుగనే వచ్చెను. తీరపు ఊళ్లనుండి వేలమందిని తరలించిరి. 2020 అక్టోబరులో లంగరు నిలువక ఒక బంగ్లాదేశపు ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డునకు కొట్టుకొనివచ్చెను, నావికులందరు బ్రదికిరి.

తరగతిలో ఆలోచించుటకు: ఒక్కరికిని ప్రాణహాని కలుగదని దూత చెప్పియుండెను. అయినను నావికులు పడవ దించి పారిపోజూచినప్పుడు, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకొనలేరని పౌలు శతాధిపతితో ఏల చెప్పెను? (24, 31 వచనములు కలిపి చదువుడి.)