పెద్దలకు పెట్టాలా, మానాలా?



దీక్ష తీసుకున్న ఇంట్లో అసలు గొడవ దేవుడి పటాల దగ్గర రాదు, చనిపోయిన పెద్దల దగ్గర వస్తుంది. పటాలు తీసేస్తే అమ్మ నాలుగు రోజులు అలిగి ఊరుకుంటుంది. పెత్రమాసకో, ఆంధ్ర వైపు సంక్రాంతికో "మీ నాయనకు పెట్టవారా? ఆయన నీకేం తక్కువ చేసిండు?" అని అడిగితే మాత్రం 22 ప్రతిజ్ఞలు నోటికి వచ్చినవాళ్ళు కూడా తడబడతారు. ఆరో ప్రతిజ్ఞ స్పష్టంగానే ఉంది: శ్రాద్ధం పెట్టకూడదు, పిండదానం చెయ్యకూడదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనవాళ్ళతో చేయించిన ప్రతిజ్ఞ అది.

అయితే అమ్మ అడుగుతున్నది శ్రాద్ధం గురించేనా? కాస్త ఆగి ఆలోచించండి.

దీఘనికాయంలో సిగాలోవాద సుత్తం ఉంది. రాజగృహంలో సిగాలుడనే యువకుడు పొద్దున్నే స్నానం చేసి, తడి బట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతుంటాడు. భిక్షకు వెళ్తున్న బుద్ధుడు చూసి, ఎందుకు మొక్కుతున్నావని అడుగుతాడు. మా నాయన చనిపోయేటప్పుడు మొక్కమన్నాడు, ఆయన మాట మీద గౌరవంతో మొక్కుతున్నానంటాడు. అంతే, వేరే కారణం లేదు. మనలో చాలామంది కథ ఇదే కదా!

బుద్ధుడు అతన్ని ఎగతాళి చెయ్యలేదు. మీ నాయన తెలివితక్కువవాడు అనలేదు. (మనవాళ్ళు కొందరు ఊళ్ళో మీటింగు పెట్టి మొదట అనేది ఆ మాటే.) దిక్కులకు మొక్కే తీరు ఇది కాదని చెప్పి, ఆ దిక్కులకే కొత్త అర్థం ఇచ్చాడు. తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింద పనివాళ్ళు, పైన శ్రమణ బ్రాహ్మణులు, అంటే ఇల్లు వదిలి సాధన చేసేవాళ్ళు.

కింది దిక్కు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. పనివాళ్ళకు శక్తికి తగ్గ పనే చెప్పాలి, తిండీ కూలీ ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, ఇంట్లో మంచి వంట చేసుకుంటే వాళ్ళకూ పెట్టాలి, వేళకు సెలవివ్వాలి. మా తాత దొర ఇంట్లో జీతం ఉన్నాడు. ఈ ఐదూ కలిపి ఆయనకు ఒక్కరోజు కూడా దక్కలేదు.

ఇక తూర్పు దిక్కు. బిడ్డలు తల్లిదండ్రులకు చెయ్యాల్సిన ఐదు పనుల్లో చివరిది, చనిపోయినవాళ్ళ పేరిట దానం చెయ్యడం. పెద్దలను మరచిపొమ్మని ధమ్మం ఎక్కడా చెప్పలేదన్నమాట. మరి ఆరో ప్రతిజ్ఞకు ఇది అడ్డం రాదా? రాదంటాను. శ్రాద్ధంలో మధ్యలో ఒక పురోహితుడు ఉంటాడు. పెట్టకపోతే పెద్దలు పీడిస్తారన్న భయం ఉంటుంది. కాకి ముట్టితేనే వాళ్ళకు అందుతుందన్న నమ్మకం ఉంటుంది. బాబాసాహెబ్ వద్దన్నది దీన్ని. దానం అట్లా కాదు, బతికున్న మనిషి చేతికి అందుతుంది.

మా ఇంట్లో నాయన చనిపోయిన రోజున త్రిశరణ పంచశీలాలు చెప్పుకుంటాం. శ్రాద్ధానికి అయ్యే ఖర్చుతో హాస్టల్ పిల్లలకు నోటుపుస్తకాలు కొనిస్తాం. కల్లు పెట్టం, ఐదో శీలం ఒప్పుకోదు. అమ్మ మాత్రం నాయనకు ఇష్టమైన చేపల పులుసు వండి, ఒక ఆకులో ఆయన ఫోటో ముందు పెట్టి, కాసేపు కూచుని, తర్వాత ఆ అన్నం మనవళ్ళకు తినిపిస్తుంది. అది కూడా పిండమేనని మా సంఘంలో ఒకరిద్దరు నాతో వాదిస్తారు. నేను ఒప్పుకోను. అక్కడ అయ్యగారు లేడు, భయం లేదు. ఉన్నది నలభై ఏళ్ళ కాపురం.

(ఎల్లమ్మ బోనం సంగతి ఇంత తేలిక కాదు. అక్కడ బలి ఉంది. దానికి వేరే పాఠం కావాలి.)

వచ్చే పౌర్ణమికి విహారంలో కలిసినప్పుడు ఈ సుత్తం చదవండి. పడమటి దిక్కులో భర్త భార్యను గౌరవించాలని, అవమానించకూడదని, ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించాలని ఉంది. ఆ ముక్క ఆడవాళ్ళ చేత చదివించండి. చర్చకు కనీసం గంట పెట్టుకోండి. మొదట మాట్లాడేది వాళ్ళే కావాలి, మగవాళ్ళు అడ్డు తగలకుండా వినాలి.