బుజ్జాయి టబ్బుకు కొలత అమ్మమ్మ కాళ్లే

చెల్లీ, కుట్లు మానాయా? పాప మెడ నిలుపుతోందా? ఈసారి ముచ్చటంతా బిడ్డకు లాలపోయడం గురించే. బోరబండ సైట్-3లో గానీ, అటు మోతీనగర్‌లో గానీ ఏ బాలింతను పలకరించబోయినా ఇదే మాట అడుగుతున్నారు: "అక్కా, టబ్బు కొనమంటావా? కొంటే ఎలాంటిది కొనాలి?"

కొనుక్కో తల్లీ. కొనే ముందు మాత్రం మన అమ్మమ్మలు నీళ్లు పోసిన తీరు ఒకసారి తలుచుకో. పీట మీద కూర్చుని, కాళ్లు రెండూ బారజాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకునేవాళ్లు. తల పాదాల దగ్గర కాస్త ఎత్తులో ఉండేది. వీపు రెండు కాళ్ల మధ్య పల్లంలో కుదురుకునేది. నూనె రాసి నలుగు పెట్టిన ఒళ్లయినా జారిపోయేది కాదు. పోసిన నీళ్లు పోసినట్టే కిందికి వెళ్లిపోయేవి, బిడ్డ చుట్టూ నిలిచేవి కావు. మంచి టబ్బుకు కావలసినవన్నీ ఇందులోనే ఉన్నాయి చూడు: వాలు, పట్టు, పక్కల ఆసరా, నీళ్లు పోయే దారి. అన్నిటికన్నా ముఖ్యం, చెయ్యి బిడ్డను వదిలేదే కాదు.

మరి ఆ పద్ధతే ఉంచుకోవచ్చు కదా అంటావేమో. అలా కూర్చోగలిగే వాళ్లేరీ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. పొట్ట మీద పచ్చి కుట్లతో పీట మీద కూర్చుని ముందుకు వంగి నీళ్లు పోయమంటే ఏ తల్లి వల్ల అవుతుంది? ఊరి నుంచి వచ్చిన అమ్మ కొన్నాళ్లుండి వెళ్లిపోతుంది. ఒక గది, వంటిల్లు ఉన్న పోర్షన్‌లో మొగుడూ పెళ్లామే మిగులుతారు. అందుకే అంటాను, టబ్బును బిడ్డ ఒంటికే కాదు, తల్లి ఒంటికి కూడా సరిపోయేలా చెయ్యాలి.

ముందు బిడ్డ సంగతి. పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. ఆ బరువును మోసే బలం మెడకు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు ఆరు నెలలు దాటాకే. కాబట్టి మొదట్లో వాలుగా పడుకోబెట్టేలా ఉండాలి. మెత్తటి వల గుడ్డ బిగించిన టబ్బయితే వీపు కుదురుగా ఉంటుంది. కాళ్ల మధ్య చిన్న బుడిపె ఉంటే బిడ్డ కిందికి జారదు. అడుగు గరుకుగా, అంచులు గుండ్రంగా ఉండాలి. మడిచే టబ్బయితే కాళ్లు గట్టిగా లాక్ అవుతున్నాయో లేదో చూడు, చిట్టి వేళ్లు నలిగే సందులుంటే వద్దను. బేగంబజార్‌లో కొన్నా, అమీర్‌పేటలో కొన్నా, షాపులోనే అరచేతితో టబ్బు అంచును గట్టిగా నొక్కు. ఒరిగిందా, దాన్ని అక్కడే వదిలెయ్.

ఇప్పుడు నీ సంగతి. రెండడుగుల టబ్బులో 5 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోస్తే దాదాపు 10 లీటర్లవుతాయి. అంటే 10 కిలోల బరువు. ఆపరేషనైన మనిషి దాన్ని ఎత్తి ఒంపకూడదు. అందుకే అడుగున బిరడా ఉన్న టబ్బే తీసుకో. స్టూలు మీద, మంచం మీద పెట్టొద్దు. గోడకు ఆనించిన, కదలని వెడల్పాటి బల్ల దొరికితే నడుము వంచే పని తప్పుతుంది. అలాంటిది లేకపోతే టబ్బును నేల మీదే ఉంచి, ఆ కొన్ని వారాలూ నీళ్లు పోసే పని ఇంకొకరికి అప్పజెప్పు.

కూర్చోబెట్టే ప్లాస్టిక్ సీట్లు కూడా అమ్ముతున్నారు. వాటిని నమ్మొద్దు. అవి ఒరుగుతాయి, బిడ్డ బోర్లా పడుతుంది. రెండంగుళాల నీళ్లలో కూడా పసివాళ్లు మునిగిపోతారమ్మా, అదీ చప్పుడు లేకుండా. అమెరికాలో 2017లో శిశువుల టబ్బులకు తప్పనిసరి భద్రతా ప్రమాణాలు తెచ్చినప్పుడు, మునిగిపోయే ప్రమాదం గురించి టబ్బు మీదే హెచ్చరిక రాయాలన్నారు. టబ్బు ఎంత మంచిదైనా నీ చేతికి సాయమే అవుతుంది, చేతికి బదులు కాలేదు. సబ్బు, తువ్వాలు, బట్టలు ముందే పక్కన పెట్టుకో. మధ్యలో ఎవరైనా తలుపు కొడితే బిడ్డను తువ్వాలులో చుట్టి ఎత్తుకునే వెళ్లు.

నీళ్లు 37, 38 డిగ్రీలుంటే చాలు. మోచెయ్యి ముంచితే గోరువెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోసి కలిపి, ఆ తర్వాతే బిడ్డను దించు. బిడ్డ టబ్బులో ఉండగా గీజర్ నల్లా తిప్పొద్దు. 60 డిగ్రీల నీళ్లు సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. హీటర్ రాడ్డుతో కాచుకుంటే ప్లగ్గు తీసి, రాడ్డు దూరంగా పెట్టాకే బకెట్ ముట్టుకో. మన ఇళ్లలో బాత్రూములు ఇరుకు, కిటికీ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అలాంటి చోట గ్యాస్ గీజర్ వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. నల్లా రోజు విడిచి రోజు వస్తుందని డ్రమ్ములు, బకెట్లు నింపి ఉంచుతాం కదా, వాటికి మూత పెట్టడం మరిచిపోవద్దు. స్నానం అయిపోయాక టబ్బును వెంటనే ఖాళీ చేసి బోర్లించు.

పెద్దవాళ్ల పద్ధతుల్లో కొన్నిటిని మాత్రం ప్రేమగానే వద్దని చెప్పు. ముక్కులోకి ఊదడం, చెవుల్లో నూనె పొయ్యడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పట్టడం పసి ఊపిరికి, చెవులకు మంచివి కావు. పుట్టాక కనీసం 24 గంటలు ఆగి మొదటి స్నానం చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బొడ్డు ఊడే దాకా టబ్బులో దించకుండా తడిబట్టతో తుడిస్తే సరిపోతుంది.

తెలంగాణ ప్రభుత్వం బాలింతలకు ఇచ్చిన, 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో బిడ్డ సబ్బు, నూనె, దోమతెర ఉండేవి. బాలింతల కోసం ఇలాంటి కిట్లు ఇచ్చేవాళ్లను నేను కోరేదొకటే. అందులో ఒక చిన్న టబ్బు కూడా చేర్చండి, నీళ్లు అంతకు మించి పోయకుండా 5 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత గీసి ఇవ్వండి. చదువు రాని తల్లికి కూడా ఆ గీత అర్థమవుతుంది.

ఇంకొక్క మాట చెల్లీ. కాళ్లు చాపి నీళ్లు పోసే విద్య ఆడవాళ్ల దగ్గరే ఉండిపోయింది. టబ్బు వచ్చాక 'మాకు రాదు' అనే మగవాళ్ల సాకు చెల్లదు. మీ ఆయనను పక్కన నిలబెట్టి నేర్పించు: ఎడమ ముంజేతి మీద తల ఆనించుకోవాలి, ఆ చేత్తోనే బిడ్డ అవతలి చంక కింద పట్టుకోవాలి, కుడి చేత్తో నీళ్లు పోయాలి, తల చివర్న తడపాలి. నాలుగు రోజులు నువ్వు పక్కనుండి చూడు. ఐదో రోజు నువ్వు కాసేపు నడుం వాల్చు, ఆయన లాలపోస్తాడు.